టక్కుల్లేని తెల్ల పరికిణీ

బహ్రెయిన్‌లో మా ఇంట్లోకి ఆ నెట్ గుడ్డ వచ్చిన రోజు మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "ఇక్కడ దోమలెక్కడున్నాయే?" అన్నారు. హిద్‌లో పోర్టు దగ్గర ఒక ఆఫీసులో ఆయన ఉద్యోగం. పొద్దుటి నుంచి కంటైనర్లు చూసి చూసి వచ్చిన మనిషికి హాలు నిండా తెల్లటి వల పరిచి ఉంటే దోమతెర అనిపించడంలో తప్పులేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "దోమతెర కాదండీ, పాప బ్యాలే డ్రెస్సు" అన్నాను. "ఓహో" అని, గుడ్డ తొక్కకుండా గోడ పక్కగా పిల్లిలా నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మా చిన్నప్పుడు తెనాలిలో బ్యాలే అంటే ఏ శివపార్వతుల కథో. గజ్జెలు, పూలజడలు, పక్కన మృదంగం. పాదం నేలకేసి కొడితే చివరి వరసలో కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేవాలి. మా అమ్మాయి నేర్చుకుంటున్న దాంట్లో పాదం నేలకి తగిలినట్టే ఉండకూడదు. మొదట్లో నాకది డాన్సే అనిపించలేదు. చప్పుడు లేని డాన్సేమిటి, ఉప్పులేని పప్పులాగ, అని వెక్కిరించాను కూడా. పిల్ల పట్టించుకోలేదు. వంటింట్లో గట్టు పట్టుకుని మడమలెత్తి దించుతూ, ఎత్తి దించుతూ ఉండేది. కొన్నాళ్ళకి నేనూ పప్పు కలుపుతూ మడమలెత్తడం మొదలుపెట్టాను. ఎవరూ చూడనప్పుడే.

సనాబిస్‌లో మా ఫ్లాటుకి రెండు వీధుల అవతల, ఒక మందుల షాపు మీద మేడలో ఆ క్లాసు. టీచరు ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి వచ్చినావిడ. సన్నగా, నిటారుగా, జుట్టంతా లాగి కొప్పు పెట్టుకుని ఉంటుంది. నవ్వడం తక్కువ. కానీ పిల్లలకి ఆవిడంటే ప్రాణం. మా అమ్మాయికి పదో ఏడు నడుస్తోంది. నేను పదిసార్లు చెప్పినా వినని మాట, ఆవిడ కనుబొమ్మ ఎత్తితే వింటుంది. అదొక కడుపుమంట నాకు.

ఈ ఏడాది వాళ్ళ కార్యక్రమం పాతకాలానికి ప్రయాణం. జీన్సు ప్యాంటు వేసుకుని, బడి బ్యాగు తగిలించుకున్న ఒక అమ్మాయి కాలంలో వెనక్కి వెళుతుంది. దారిలో ఒక్కొక్క కాలం ఎదురవుతుంది. ఆ కాలం నాటి డాన్సు, ఆ కాలం నాటి బట్టలు. మా అమ్మాయి గుంపు వంతుకి గ్యాసు దీపాల కాలం వచ్చింది. అప్పటి డాన్సు పిల్లలు పిక్కల దాకా దిగే తెల్లటి పల్చటి పావడాలు కట్టి, దయ్యాల్లాగో దేవకన్యల్లాగో తేలిపోతూ ఉండేవాళ్ళట. ఆ గుంపులో అందరికంటే ముందు ఒక పిల్ల ఒక్కత్తే రావాలి. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరికి చిన్నచిన్న అడుగులతో పరుగెత్తి, సరిగ్గా నడిమధ్యలో ఒక్కసారి గిర్రున తిరగాలి. ఆ తిరగడంలో పావడా పాలు పొంగినట్టు పైకి లేవాలి. తర్వాతే మిగతావాళ్ళు వస్తారు. ఆ మొదటి ప్రవేశం మా అమ్మాయికిచ్చింది టీచరు. ఇచ్చి, "ఇప్పటికి నీదే. డ్రెస్సుతో రిహార్సల్ చూశాక ఖాయం చేస్తాను" అంది.

ఆ రోజు మా పిల్ల మెట్లు దిగిన తీరు నాకింకా గుర్తుంది. రెండేసి మెట్లు దూకుతూ దిగింది. ఇంటికొచ్చాక నాన్నకి చెప్పింది, వీడియోలో అమ్మమ్మకి చెప్పింది, కింద వాచ్‌మన్ భాయ్‌కి కూడా చెప్పింది. రాత్రి పడుకునే ముందు, "అమ్మా, నేను మొదట వస్తాను కదా, అప్పుడు అందరూ నన్నొక్కదాన్నే చూస్తారు కదా" అంది. అది ప్రశ్న కాదు. అయినా, "అవునమ్మా" అన్నాను.

కుట్టు విషయంలో నాకు కొంచెం పొగరు. మిగతా తల్లులు డ్రెస్సు ఎక్కడ దొరుకుతుందని ఒకరినొకరు అడుగుతుంటే, "నేను కుడతాను" అని టీచరు ముందు గొప్పగా చెప్పేశాను. ఆవిడ ఫోనులో బొమ్మ చూపించింది. పొర మీద పొర వేసిన తెల్లటి పావడా. "బరువుండకూడదు" అంది. తలూపాను. పరికిణీలు కుట్టే వంశంలో పుట్టినదాన్ని, నాకు పావడా గురించి ఇంకెవరో చెప్పాలా?

మా అమ్మ చేతి కుట్టే నాకొచ్చింది. మా అమ్మ దృష్టిలో పెరిగే పిల్లకి ఒంటికి సరిపోయేలా కుట్టడమంటే గుడ్డ పాడుచెయ్యడమే. పరికిణీ ఎప్పుడూ జానెడు పొడుగు కుట్టేది. ఆ జానెడూ అడుగున చుట్టూ మడిచి టక్కులు వేసేది. నేను పొడుగయ్యేకొద్దీ ఉగాదికి ఒక టక్కు విప్పేది. విప్పిన చోట ఎండ తగలని గుడ్డ కొత్తరంగుతో ఒక గీతలా చుట్టూ కనిపించేది. బళ్ళో పిల్లలు ఆ గీతల్ని చూసి నా పరికిణీ వయసు చెప్పేవాళ్ళు. జాకెట్ల సంగతి సరేసరి. లోపల రెండు వేళ్ళ గుడ్డ వదలందే మిషను ఎక్కనిచ్చేది కాదు. నా పెళ్ళి జాకెట్టు కూడా "రేపు పిల్లలు పుట్టాక ఒళ్ళు చేస్తావు" అని ముందుచూపుతో కుట్టిన జాకెట్టే. తల్చుకుంటే, నేను ఏ రోజూ ఆ రోజు కొలతకి కుట్టిన బట్ట కట్టలేదు.

బహ్రెయిన్‌లో కాపురం పెట్టాక ఆ అలవాటు ఇల్లంతా పాకింది. ఇక్కడ మాలాంటి వాళ్ళ ఇళ్ళలో ఎవరింటికెళ్ళినా అంతే. వాడే గిన్నెలు వంటింట్లో ఉంటాయి, మంచి గిన్నెలు మంచం కింద ఉంటాయి. ఎప్పటికైనా ఊళ్ళో ఇల్లు కట్టుకుంటాం, అప్పుడు వాడుకోవాలి. మా అల్మారా మీద అట్టపెట్టెలో ఒక కొత్త మిక్సీ ఉంది. దాని కింద వంటింట్లో పాత మిక్సీ నడుం నొప్పి ముసలమ్మలా మూలుగుతూ, మూత మీద చెయ్యి పెట్టి నొక్కితే తప్ప తిరగదు. అల్మారా లోపల వంగపండు రంగు పట్టుచీర ఉంది. అది గృహప్రవేశానికి. గృహం ఇంకా పునాదిలో కూడా లేదు. చీరని ఆరునెలలకోసారి తీసి, మడత మార్చి, మళ్ళీ లోపల పెట్టేస్తాను. ఇందులో నాకెప్పుడూ వింత కనబడలేదు. జాగ్రత్త అనుకున్నాను.

అంచేత పాప పావడా కూడా జానెడు పొడుగే కత్తిరించాను. పొర పొరకీ రెండేసి టక్కులు వేశాను. వచ్చే ఏడాదికీ, ఆపై ఏడాదికీ.

ఇక మిగిలింది అంచు. నయీమ్‌లో ఒక ఇరుకు సందులో చీరలకి ఫాల్ వేసే టైలరున్నాడు. జగిత్యాల వైపు మనిషి. ఈ దేశం పేరు ఏనాడూ పలకడు, ఆయనకి ఇది కూడా దుబాయే. చీర కుచ్చిళ్ళ అడుగున ఆయన ఫాల్ పట్టీ వేస్తే చీర బుద్ధిగా నిలబడుతుంది. తెల్లటి మూట ఆయన బల్ల మీద విప్పాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"గిదేందక్కా, గింత పల్సగున్నది?"

"పాప డాన్సు డ్రెస్సు అన్నా. గిర్రున తిరిగితే గుండ్రంగా లేవాలి."

"తిర్గాల్నంటే అంచుకు బరువుండాలె గదక్కా. మా బిడ్డ పట్టులంగ ఏస్కోని తిర్గితె గొడుగు లెక్క లేస్తది. ఎందుకు? కింద జరీ అంచు బరువుకు."

నా మనసులో ఉన్నదీ సరిగ్గా అదే. పట్టుపరికిణీ కట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. అంచు ఎంత బరువైతే అంత పెద్ద గుండ్రం. గిర్రున తిరిగి చటుక్కున కూర్చుంటే చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. "ఫాల్ వేద్దామా అన్నా?" అన్నాను.

"ఏద్దాం. ఒక్క పొరకెందుకు, అన్నిటికీ ఏస్త. మస్తు కూసుంటది." రెండు రోజుల తర్వాత వెళితే పావడాని ఎత్తి పట్టి దులిపి చూపించాడు. అది దులిపినా కదల్లేదు. "ఖలాస్ అక్కా. ఇగ ఎంత గాలొచ్చినా భయం లేదు" అన్నాడు. ఇద్దరం దానికేసి ముచ్చటగా చూసుకున్నాం. దాన్ని బస్తాలా ఇంటికి మోసుకొచ్చి కొక్కేనికి తగిలించాను. ఎంత చక్కగా నిలబడిందో అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఆట మొదలైంది. మిగిలిన నెట్ గుడ్డని కుట్టు మిషను మీదుగా కప్పి, దాని కింద మా అమ్మాయి దూరి కూర్చునేది. అది టైం మిషను. సాయంత్రం నేను టీ కప్పుతో హాల్లోకి రాగానే లోపల నుంచి, "అమ్మా, ఎక్కు. బయల్దేరుతోంది" అని కేక. నేను దూరేదాన్ని. మిషను చక్రం పట్టుకుని అది వెనక్కి తిప్పేది. "వెనక్కి తిప్పకు, దారం చిక్కుపడుతుంది" అని నేను అరిచేదాన్ని. "కాలంలోకి వెనక్కే కదా వెళ్ళాలి" అనేది. సరే, దారం పోతే పోయిందని ఊరుకునేదాన్ని.

మేం రోజూ అలా వెళ్ళే గ్యాసు దీపాల కాలం నాటి పెద్ద థియేటరు నాకిప్పుడు బాగా అలవాటు. ఎర్ర తెర. బంగారు రంగు స్తంభాలు. బారులు తీరిన గ్యాసు దీపాలు సుయ్యిమంటూ ఉంటాయి, సిలిండరు సరిగ్గా కట్టనప్పటి వాసనొస్తుంది. వచ్చిన ఆడవాళ్ళ గౌన్ల లోపల ఉక్కు చట్రాలుంటాయి. కోళ్ళగంపలో నిలబడ్డట్టుంటారు. తలుపులో నుంచి పక్కకి తిరిగి రావాలి. నడుముకి తాళ్ళు వేసి బిగించి ఉంటాయి.

"మరి అన్నం ఎలా తింటారు?" అని నేను అడిగేదాన్ని.

"తినరు. కొంచెం ఊపిరి కూడా తియ్యరు."

"బాత్రూముకి?"

"అమ్మా!"

నాకు అవే సందేహాలు. ఇన్ని పొరల పావడాలు ఎవరు ఉతుకుతారు? చలిదేశంలో ఎక్కడ ఆరేస్తారు? మగవాళ్ళు అంత పొడుగు టోపీలు పెట్టుకు కూర్చుంటే వెనకవాళ్ళకి ఏం కనబడుతుంది? ఒక రోజు మా ఆయన కూడా గుడ్డ ఎత్తి లోపలికి తల దూర్చారు. ఇంకా వెనక్కి వెళితే మగవాళ్ళు కూడా మేజోళ్ళు, ఎత్తు మడమల చెప్పులు, తెల్లపొడి జల్లిన జుట్టు పెట్టుకుని డాన్సు చేసేవాళ్ళని పిల్ల చెప్పగానే, "అయితే నేను ఆఫీసుకే వెళ్తానమ్మా" అని తల వెనక్కి తీసేశారు.

పిల్ల బళ్ళో లైబ్రరీ పుస్తకాలు చదివి చాలా సంగతులు తెచ్చేది. బాగా పూర్వం డాన్సు చేసే ఆడవాళ్ళు కూడా నేల ఊడ్చే గౌన్లే కట్టేవాళ్ళట. పాదాలు ఏం చేస్తున్నాయో ఎవరికీ కనబడేది కాదు. ఒకావిడ తన అడుగులు జనం చూడాలని పావడా కత్తిరించేసిందట. పెద్ద గొడవ అయిందట.

"ఎంత కత్తిరించిందేం?" అన్నాను.

చీలమండ దగ్గర వేలు పెట్టి చూపించింది. "ఇంత."

"ఆమాత్రానికేనా?" అన్నాను కానీ, మా వీధిలో నేను సైకిలు తొక్కడానికి పరికిణీ ఎగ్గట్టిన రోజు జరిగిన గొడవ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇంకో రోజు పిల్ల కొంచెం నెమ్మదిగా చెప్పింది. ఆ పల్చటి పావడాలు దీపాలకి తగిలి అంటుకునేవట. కొంతమంది డాన్సు పిల్లలు అలా చచ్చిపోయారట. నైలాన్ చీరతో పొయ్యి దగ్గరకెళ్ళొద్దని మా అమ్మ నా చిన్నప్పటి నుంచి నూరిపోసిన భయం ఎక్కడికీ పోలేదు. "అంటుకోకుండా ఏదో మందులో ముంచేవాళ్ళటమ్మా. కానీ ముంచితే గుడ్డ బిరుసెక్కి పసుపురంగుకి తిరిగేదట. చాలామంది వద్దన్నారట" అంది.

"ప్రాణం పోతుంటే వద్దనడమేంటే?"

"ఎగరదు కదమ్మా."

"ఎగరకపోతే కొంపలేం మునుగుతాయి?" అన్నాను. అది నావైపు తిరిగింది. నేనేదో మరీ పసిపిల్లలా మాట్లాడినట్టు చూసింది.

గురువారం సాయంత్రం డ్రెస్సు రిహార్సల్. ప్రదర్శన శనివారం. ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారు. తల్లులమంతా కుర్చీల్లో కూర్చున్నాం. మిగతా పిల్లల కొన్న పావడాలు ఊరికే నడిచినా ఊగుతున్నాయి. పాట మొదలైంది. మా అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. పాదాలు ఎంత తేలిగ్గా పడుతున్నాయో! మధ్యలోకి వచ్చి తిరిగింది. ముందు పిల్ల తిరిగింది. తర్వాత తీరిగ్గా పావడా తిరిగింది. తిరిగి, బరువంతా వచ్చి కాళ్ళకి చుట్టుకుంది. పిల్ల తూలింది. పడలేదు, నిలదొక్కుకుంది.

టీచరు పాట ఆపించింది. స్టేజీ ఎక్కి, పావడా అంచు రెండు వేళ్ళతో ఎత్తింది. ఫాల్ పట్టీ తడిమింది. లోపలి పొరల టక్కులు ఒక్కొక్కటీ చూసింది. నన్ను పిలిచింది. "ఇవేమిటి?" అంది ఇంగ్లీషులో.

"పిల్ల పెరుగుతుంది కదా. వచ్చే ఏడాదికి" అన్నాను.

"వచ్చే ఏడాదికా?" ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "కానీ ఈ పిల్ల డాన్సు చేసేది ఈ శనివారం కదా!"

శనివారం తెర లేచే ముందు ఒకసారి చూస్తానంది. పావడా లేవకపోతే మొదట వేరే అమ్మాయి వస్తుంది, మా అమ్మాయి వెనక వరసలో ఉంటుంది, కాళ్ళకి చుట్టుకుంటే పిల్ల పడుతుంది, అందుకని. చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే నాకు మరింత ఒళ్ళు మండింది.

కారులో ఇంటిదాకా నేను ఒకటే వాగాను. ఆవిడకి పట్టుపరికిణీ అంటే ఏం తెలుసు, అంచు బరువు సంగతి ఏం తెలుసు, చేత్తో కుట్టినదానికీ షాపులో వేలాడేదానికీ తేడా ఏం తెలుసు. మా ఆయన సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, "ఊఁ" అంటూ నడిపారు. పిల్ల వెనక సీట్లో పావడాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అప్పుడు అంది.

"అమ్మా, నేను వెనక వరసలో ఉంటాలే. నువ్వు కుట్టిందే వేసుకుంటాను."

అది కోపంగా అనలేదు, అలిగి అనలేదు. ఎన్నాళ్ళ నుంచో కలలుగన్న ఆ మొదటి పరుగుని, నా కుట్టు చిన్నబోకుండా ఉండడానికి, తీసి పక్కన పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. దాని ముందే ఏడ్చాను. "నీ మొహం, వెనకెందుకుంటావే? నువ్వే ముందుంటావు" అన్నాను ముక్కు చీదుకుంటూ.

శుక్రవారం పొద్దున్నే హాల్లో కూర్చున్నాను. మా ఆయన ఉప్మా చేస్తానన్నారు, ఆ ధైర్యానికి సంతోషించాను. బ్లేడుతో ముందు ఫాల్ విప్పాను. జగిత్యాల కుట్టు అంత తేలిగ్గా ఊడదు. పట్టీలన్నీ తీసేసరికి పక్కన చిన్న గుట్ట అయింది. తర్వాత టక్కులు విప్పాను. విప్పగానే పావడా జానెడు పొడుగై నేల మీద పడింది. నాకు తెలియనిదేమీ కాదు, అయినా అప్పుడే చూసినట్టు చూశాను. ఇప్పుడు ఈ జానెడూ కత్తిరించాలి. మడవడం కాదు, లోపల దాచడం కాదు. కత్తిరించెయ్యాలి.

పిల్లని స్టూలు మీద నిలబెట్టి సుద్దతో గీత గీశాను. కత్తెర తీశాను. చెయ్యి రాలేదు. నవ్వుతారేమో, కానీ నిజం. మా ఇంట్లో మంచి గుడ్డని అలా కత్తిరించిన మనిషిని నేను చూడలేదు. వచ్చే ఏడాది ఈ పిల్ల ఇంత పొడుగవుతుంది, అప్పుడు ఇది దేనికీ పనికిరాదు. ఒక్క సాయంత్రం. ఒక్క పరుగు, ఒక్క తిరగడం. అంతకోసం.

పిల్ల స్టూలు మీద కదలకుండా నిలబడి ఉంది. నేను మనసులోనే, ఒక్కదాన్నే ఆ థియేటరుకి వెళ్ళిపోయాను. ఈసారి ముందు ద్వారంలోంచి కాదు, వెనక బట్టలు మార్చుకునే గదిలోకి. పావడా కత్తిరించుకున్న ఆవిడ అక్కడ అద్దం ముందు కూర్చునుంది. ఆవిడకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది కదా! ఉంది. గుమ్మం పక్కన నిలబడి, నాలాగే చేతులు నలుపుకుంటోంది. ఇంత ఖరీదైన గుడ్డ, ఇంత చక్కటి అంచు, దేశం దేశమంతా తిట్టిపోస్తోంది. "మీరేం చేశారండీ?" అని ఆవిడని అడిగాను.

ఆవిడ ఇటూ అటూ చూసి, కొంగు లాంటిదేదో కొంచెం తీసి చూపించింది. "ముక్కలు దాచుకున్నాను" అంది.

నాకు పెద్దగా నవ్వొచ్చింది. "ఏంటమ్మా?" అంది పిల్ల. "ఏం లేదు, కదలకు" అని కత్తిరించాను. కత్తెర నెట్ గుడ్డలో చప్పుడు లేకుండా పోయింది. పొర తర్వాత పొర, సుద్ద గీత వెంట చుట్టూరా. అంచు మడవలేదు, కుట్టలేదు, అలాగే వదిలేశాను. అయిపోయాక, "తిరుగు" అన్నాను. పిల్ల స్టూలు దిగి, సోఫాకీ టీవీకీ మధ్య ఉన్న కాస్త జాగాలో తిరిగింది. పావడా లేచింది. ఉప్మా గరిటెతో బయటికొచ్చిన మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డారు. కత్తిరించిన ముక్కలు నేను చుట్టి పెట్టుకునేలోపు అందులో ఒకటి లాక్కుని బాల్కనీలో కరివేపాకు మొక్క మీద కప్పారు. "చూశావా, దోమతెరే" అన్నారు. ఉప్మాలో ఉప్పు మరిచిపోయారు.

శనివారం మధ్యాహ్నం అల్మారా తీశాను. ఎందుకు తీశానో అప్పటికి ఆలోచించుకోలేదు. వంగపండు రంగు పట్టుచీర కిందికి దింపాను. దానికి అమ్మ కుట్టిచ్చిన జాకెట్టు వేసుకోబోతే చేతులు కూడా దూరలేదు. చీర మడతల్లో అలాగే ఉంది కానీ నేను అలాగే లేను. అప్పుడు మా అమ్మ ముందుచూపు గుర్తొచ్చింది. జాకెట్టు తిరగేస్తే లోపల రెండు వేళ్ళ గుడ్డ భద్రంగా ఉంది. మా అమ్మ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను. కుట్లు విప్పి, గుడ్డ అంచుదాకా వదిలి, మిషను మీద మళ్ళీ వేసుకున్నాను. ఇక లోపల విప్పడానికేమీ మిగల్లేదు. ఊపిరి కొంచెం జాగ్రత్తగా తియ్యాలి, అంతే. కోళ్ళగంపల ఆడవాళ్ళ బాధ నాకు అప్పుడు తెలిసొచ్చింది.

నేను చీర కట్టుకుని హాల్లోకి రాగానే మా ఆయన, "ఏంటి, గృహప్రవేశం ఎవరిది?" అన్నారు. "పిల్లది" అన్నాను. లోపలికి వెళ్ళి ఆయన కూడా మంచి చొక్కా తొడుక్కొచ్చారు.

తెర లేచే ముందు పక్క గదిలో టీచరు పావడా అంచు ఎత్తి వదిలింది. అది నెమ్మదిగా, తొందరేం లేనట్టు కిందికి దిగింది. ఆవిడ నావైపు చూసింది. కనుబొమ్మ ఎత్తలేదు. తల ఒక్కసారి ఊపి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి ముందుకి నడిపించింది.

మేం మూడో వరసలో కూర్చున్నాం. జీన్సు అమ్మాయి ఒక్కొక్క కాలమే దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. బెల్‌బాటం ప్యాంట్లు వచ్చాయి, ఈకల టోపీలు వచ్చాయి. తర్వాత దీపాలు తగ్గి స్టేజీ అంతా నీలంగా అయిపోయింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మాయి వచ్చింది. ఒక్కత్తే. చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం అంత బాగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మధ్యకి వచ్చి తిరిగింది. పావడా లేచింది, పొరలన్నీ విడివిడిగా, పిల్ల ఆగాక కూడా ఒక్క క్షణం అలాగే గాలిలో ఉంది. నేను చేతులెత్తి చప్పట్లు కొట్టాను. చంక కింద జాకెట్టు చర్రుమని చిరిగింది. లోపల గుడ్డేమీ లేదు కదా మరి. పమిట భుజం చుట్టూ కప్పుకుని మళ్ళీ కొట్టాను. ఇంకెవరూ కొట్టడం లేదని గమనించి కూడా కొట్టాను.

పిల్ల డ్రెస్సు మార్చుకోనంది. అలాగే కారెక్కింది. వెనక సీటు నిండా తెల్లటి పావడా, మధ్యలో దాని మొహం. ఇల్లు దగ్గరకొస్తుండగా అడిగింది. "అమ్మా, వచ్చే ఏడాది ఇది నాకు పట్టదు కదా?"

"పట్టదు."

"మరెలా?"

"వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను.

మా ఆయన సిగ్నల్ దగ్గర కారు ఆపారు. పూర్తిగా నావైపు తిరిగి చూశారు. చీర కేసి, పమిట కింద నేను దాచుకున్న భుజం కేసి చూశారు. సిగ్నల్ పచ్చబడ్డాక నెమ్మదిగా అడిగారు. "అయితే, ఆ మిక్సీ కూడా కిందికి దించమంటావా?"

"దించండి" అన్నాను. "ఇంటికెళ్ళగానే పెసలు నానబోస్తాను."